ఒకటాగితే ఇంకోటి

మహబూబాబాద్ జిల్లా బయ్యారం పెద్దచెరువు మీద పొద్దున్నే వలలు తీసేవాళ్లను చూస్తే ఇంజన్ల గురించి రాయాలన్న ఆలోచనే రాదు. నాలుగు థర్మాకోల్ దిమ్మెలు కట్టి పైన పట్టా చుట్టిన తెప్ప, చేతిలో ఒక తెడ్డు, కాళ్ల మధ్య వల. అంతే సరంజామా. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన చెరువది. శాసనంలో దాని పేరు ధర్మకీర్తిసముద్రం. అటు భూపాలపల్లి వైపు ఘనపురంలో గణపసముద్రం ఉంది. కాకతీయులు చెరువులకు సముద్రాలని పేర్లు పెట్టారు గానీ, వాటి మీద చేపలు పట్టడానికి సముద్రపు హంగులేవీ అక్కర్లేదు. చప్పుడు లేని తెడ్డే మేలు. చేప బెదరదు, చమురు ఖర్చు లేదు.

అయినా ఇప్పుడు ఇంజను మాట వినిపిస్తోంది. జనగామ వైపు దేవాదుల ఎత్తిపోతల నీళ్లతో నిండే రిజర్వాయర్లున్నాయి. భూపాలపల్లి జిల్లా సరిహద్దున కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడ నది వెడల్పు చూస్తే తెడ్డు పట్టినవాడికి గుండె జారుతుంది. వీటన్నిటికీ మించి వరదలు. మత్స్యకారుల సొసైటీలో నలుగురు కూర్చుని ఇంజను పడవ గురించి మాట్లాడుకుంటే రెండో నిమిషంలో ఎవరో ఒకరు అననే అంటారు: "అన్నా, పెట్టేదేదో రెండు పెడ్దం. ఒకటాగితే ఇంకోటి ఉంటది గదా." పక్కనున్నాయన ఇంకో మాట కలుపుతాడు: "రెండుంటే డబల్ స్పీడ్ కూడ వస్తది."

మొదటి మాటలో సగం నిజముంది. రెండో మాటలో ఆ సగం కూడా లేదు. ముందు దాని సంగతి చూద్దాం.

పడవ వెనక పలకకు బిగించి, పనయ్యాక పైకి లేపుకొనే ఇంజనే ఔట్‌బోర్డు. తల మీద ఇంజను, కింద నిలువు కడ్డీ, దాని అడుగున గేర్లు, చివర పంకా. అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ అనే నార్వే సంతతి మెకానిక్ 1909లో దీన్ని అమ్మకానికి తెచ్చాడు. అప్పటి ఇంజను శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్. ఎండాకాలం సరస్సు మీద తెడ్లేస్తూ కాబోయే భార్యకు ఐస్‌క్రీం తీసుకెళ్తే అది దారిలోనే కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచే ఇంజను పుట్టిందనీ ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ ఇంజను మాత్రం నిలిచింది.

ఇక వేగం లెక్క. నీళ్లను చీల్చుకుంటూ నడిచే పడవ తన ముందొక అల, వెనకొక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరుగుతుంది. ఒక దశలో ఆ దూరం పడవ పొడవుతో సమానమవుతుంది. అప్పుడు పడవ తాను తవ్వుకున్న గుంటలోనే కూర్చుంటుంది. ముందున్న అల గట్టులా నిలబడుతుంది. దాన్ని ఎక్కాలంటే విపరీతమైన శక్తి కావాలి. ఆ హద్దును లెక్కగట్టే పాత సూత్రం ఒకటుంది. నీటిలో మునిగిన పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్లలో వస్తుంది. 25 అడుగుల పడవకు అది 6.7 నాట్లు, అంటే గంటకు సుమారు 12 కిలోమీటర్లు. వలలతో, మంచుతో, మనుషులతో బరువెక్కిన చేపల పడవ ఎక్కువగా ఈ హద్దులోపలే బతుకుతుంది.

ఈ హద్దులోపల కూడా వేగం చౌకగా రాదు. కావలసిన శక్తి వేగపు ఘనంతో పాటు, చాలాసార్లు అంతకన్నా నిటారుగా, పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి 8 రెట్లు కావాలి. తిప్పి చూస్తే, శక్తిని రెట్టింపు చేస్తే వేగం పెరిగేది 26 శాతం. అది కూడా రెండో ఇంజను బరువు లేదనుకుంటేనే. గంటకు 9 కిలోమీటర్లు పోయే పడవ 11 పైచిలుకు పోతుంది. డబల్ స్పీడ్ ఆశ అక్కడితో సరి. ఇదే లెక్క పొదుపుకూ పనికొస్తుంది. వేగం 10 శాతం తగ్గించుకుంటే అదే దూరానికి ఇంధనం దాదాపు 19 శాతం మిగులుతుంది. పెట్రోలు ఔట్‌బోర్డు పూర్తి త్రాటిల్‌లో ప్రతి 10 హార్స్‌పవర్‌కూ గంటకు ఇంచుమించు 4 లీటర్లు తాగుతుందని ఒక మోటు లెక్క. ఆ లెక్కన 40 హార్స్‌పవర్ ఇంజనొకటి పెట్టినా 20 చొప్పున రెండు పెట్టినా గంటకు 15 లీటర్ల చిల్లరే.

తేలికైన, అడుగు చదునుగా ఉన్న పడవల దారి వేరు. అవి తమ అలను ఎక్కి నీటిపైన జారుతూ పోతాయి. వరదల్లో వాడే రబ్బరు పడవలు ఈ జాతివే, మీద జనం తక్కువగా ఉన్నప్పుడు. అక్కడ శక్తి రెట్టింపైతే వేగం నలభై శాతం దాకా పెరగవచ్చు. అదే పడవలోకి పదిమందిని ఎక్కిస్తే మళ్లీ నీళ్లలో కూర్చుని చేపల పడవలా మారిపోతుంది.

హార్స్‌పవర్ గురించి అడిగే ప్రతి పది మందిలో పంకా గురించి అడిగేవాడు ఒక్కడుంటే గొప్ప. నిజానికి సగం వ్యవహారం అక్కడే ఉంది. తెడ్డు ఆకు ఎందుకు వెడల్పుగా ఉంటుంది? కర్రతోనే లాగొచ్చు కదా? ఎక్కువ నీటిని మెల్లగా వెనక్కి నెడితే శ్రమలో ఎక్కువ పాలు పడవకు చేరుతుంది. కొంచెం నీటిని వడిగా నెడితే శ్రమంతా సుడులకే పోతుంది. పంకాకు కూడా అదే ధర్మం. రెండు పంకాలుంటే అవి పట్టే నీటి మేర రెట్టింపవుతుంది కాబట్టి బరువైన పడవకు రెండు చిన్న ఇంజన్లతో నిజంగానే కొంత లాభముంది. అయితే నీళ్లలో దిగిన రెండు ఇంజన్ల కాళ్లు రెండింతలు అడ్డుపడతాయి. వచ్చిన లాభంలో కొంత అక్కడే కరుగుతుంది. పెద్ద పంకాను మెల్లగా తిప్పే గేరుతో వచ్చే 'హై థ్రస్ట్' రకం ఒక్క ఇంజనైతే ఆ లాభం చౌకగా దొరుకుతుంది.

పంకాలకు పిచ్ అని ఒక కొలత ఉంటుంది. గట్టి పదార్థంలో మరలా దిగితే ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో అది. ఇంజను నిమిషానికి 5500 చుట్లు తిరిగి, గేరులో అది సగమైతే, 13 అంగుళాల పిచ్ ఉన్న పంకా కాగితం మీద గంటకు 54 కిలోమీటర్లు పోవాలి. అది జారుడు పడవ కోసం పుట్టిన పంకా. దాన్ని తెచ్చి 12 కిలోమీటర్ల చేపల పడవకు బిగిస్తే, టాప్ గేరులో ఘాటు రోడ్డు ఎక్కుతున్న లారీలా ఇంజను మూలుగుతుంది. 7, 8 అంగుళాల పిచ్ ఉన్నది కావాలి. పరీక్ష తేలిక. పడవలో మామూలుగా ఉండే బరువంతా వేసి త్రాటిల్ పూర్తిగా తిప్పితే, చేతిపుస్తకంలో రాసిన గరిష్ఠ చుట్ల మేరకు ఇంజను చేరాలి. చేరకపోతే పిచ్ ఎక్కువైనట్టు. ఒక అంగుళం తగ్గిస్తే నిమిషానికి 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. చుట్లు చూపే మీటరు లేకుండా ఇంజను కొనడమంటే తక్కెడ లేకుండా చేపలు అమ్మడమే.

ఈ పంకా ముచ్చటకు రెండింజన్ల పడవలో ఒక మెలిక ఉంది. రెండూ కలిసి మోస్తాయన్న లెక్కతో పిచ్ ఎంచుతారు. ఒకటి ఆగిన క్షణాన మిగిలినదానికి ఆ పిచ్ ఎక్కువైపోతుంది. బరువంతా దాని మీదే పడుతుంది, చుట్లు అందవు, తొందరలో త్రాటిల్ పూర్తిగా తిప్పితే వేడెక్కి అది కూడా మొరాయిస్తుంది. పైగా తోపు పడవ మధ్యనుంచి రాదు, ఒక పక్కనుంచి వస్తుంది. ముక్కు ఆగిన ఇంజను వైపు తిరుగుతూ ఉంటుంది. ఆగినదాన్ని వెంటనే పైకి లేపాలి, లేకపోతే నీళ్లలో వేలాడుతూ లంగరు పని చేస్తుంది. అందుకే రెండింజన్ల పడవ కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న రెండూ నడిస్తే ఎంత పోతుందని కాదు. ఒక్కటే నడిస్తే, నిండు బరువుతో, ఎదురుగాలిలో ఒడ్డు చేరుతుందా అన్నది. చేరకపోతే రెండోది అలంకారమే.

ఇక అసలు మాట: ఒకటాగితే ఇంకోటి.

ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక ఇంజను వంద ప్రయాణాల్లో ఒకసారి మొరాయిస్తుందనుకోండి. రెండు పెడితే, ఏదో ఒకటి మొరాయించే రోజులు వందకు దాదాపు రెండవుతాయి. అంటే మెకానిక్ దగ్గరికి వెళ్లడం రెట్టింపు. ఇది ఎవరూ చెప్పరు. రెండూ ఒకేసారి ఆగే అవకాశం మాత్రం నూటికి ఒకటిలో నూటికి ఒకటి, అంటే పదివేలకు ఒకటి. నడిసంద్రంలో చిక్కుకునే భయం వందోవంతుకు పడిపోయింది. అద్భుతం కదా?

ఈ అద్భుతమంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. ఒకటి ఆగడానికీ రెండోది ఆగడానికీ సంబంధం ఉండకూడదు. వచ్చే ప్రతి ఐదు మొరాయింపుల్లో ఒకటి రెండింటికీ ఉమ్మడి కారణంతో వచ్చిందనుకోండి. పదివేలకు ఒకటి కాస్తా ఐదు వందలకు ఒకటవుతుంది. లెక్క ఇరవై రెట్లు చెడింది. అందులో ఇంజన్ల తప్పు ఏమీ లేదు.

విమానాలవాళ్లకు ఈ పాఠం ఎప్పుడో వచ్చింది. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ పోతుంటే నడి ఆకాశంలో దాని రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. రెండూ కొత్తవే, రెండూ బాగున్నవే. ఇంధనం కొలిచేటప్పుడు కిలోలకు బదులు పౌండ్ల లెక్క వాడారు, ట్యాంకుల్లో ఉన్నది కావలసినదానిలో సగం కూడా లేదు. పైలట్లు దాన్ని గ్లైడరులా జార్చుకొచ్చి గిమ్లి అనే ఊళ్లో పాత రన్‌వే మీద దించారు, అందరూ బతికారు. 2009 జనవరి 15న న్యూయార్కులో హడ్సన్ నది మీద దిగిన విమానానిదీ అదే కథ. ఒకే బాతుల గుంపు రెండు ఇంజన్లలోనూ పడింది.

మన పడవలో ఉమ్మడి ఏమేమున్నాయి? అన్నిటికన్నా ముందు పెట్రోలు. ఒకే డబ్బాలోంచి రెండు గొట్టాలు తీస్తే, అడుగున చేరిన నీళ్లు రెండింటికీ ఒకేసారి అందుతాయి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువైతే నీళ్లతో కలిసి విడిపోయి అడుక్కు చేరుతుంది. చాలా ఔట్‌బోర్డు కంపెనీల చేతిపుస్తకాలు 10 శాతానికి మించిన ఇథనాల్ వద్దంటాయి. ఏడాదిలో పది నెలలు షెడ్డులో ఉండి వానాకాలంలో నిద్రలేచే పడవకు ఇంతకన్నా పెద్ద శత్రువు లేదు. ఒకే బ్యాటరీ ఉంటే అదీ ఉమ్మడే. చిన్న ఇంజనైతే తాడు లాగి స్టార్ట్ చేసే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి. రెండింటికీ ఒకే రోజు ఒకే మెకానిక్ సర్వీసింగ్ చేసినా ఉమ్మడే. ఆయన పొరపాటున ఒక వాషరు తిరగేస్తే రెండింటిలోనూ తిరగేస్తాడు.

మన చెరువుల్లో మరొకటుంది. గుర్రపుడెక్క. ఔట్‌బోర్డు ఇంజను కింది కాలికున్న సన్నని జల్లెడలోంచి నీళ్లు పీల్చుకుని చల్లబడుతుంది. ఆ నీటిని తోడేది రబ్బరు రెక్కల చిన్న పంపు. గుర్రపుడెక్క, నాచు, తుంగవేళ్లు జల్లెడకు పట్టుకుంటే ఇంజను కాగిపోతుంది. బురదనీళ్లు రబ్బరు రెక్కల్ని అరగదీస్తాయి. పక్కపక్కన రెండడుగుల దూరంలో ఉన్న రెండు ఇంజన్లు ఒకే నాచు మడుగులోకి ఒకే క్షణాన దిగుతాయి. నైలాన్ వల సంగతీ అంతే, ఒక పంకాకు చుట్టుకున్న వల రెండోదాన్ని వదలదు.

సముద్రంలో ఈ బెడద తక్కువ, ఒడ్డు దూరం ఎక్కువ. అందుకే కేరళ తీరంలో వల్లాలనే పెద్ద పడవల మీద రెండు, మూడు ఔట్‌బోర్డులు కనిపిస్తాయి. అక్కడివాళ్లకు కిరోసిన్ ఇంజన్లతో పాత పరిచయం. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చి, ఒడ్డు దగ్గరపడగానే మళ్లీ పెట్రోలుకు వస్తారు. మరుసటి రోజు తేలిగ్గా స్టార్ట్ కావాలంటే అలా చెయ్యాల్సిందే. మన ఆంధ్రా తీరం వేరు. కెరటాలను దాటి ఇసుక మీదికే పడవను లాగాలి కాబట్టి పొడుగాటి కడ్డీతో వెనక్కి చాచే డీజిల్ ఇంజను ఫైబర్ తెప్పలకు బాగా కుదిరింది. ఆ తెప్పల్లో చాలావాటికి రెండు కొనలూ సన్నగానే ఉంటాయి. రెండు ఔట్‌బోర్డులు పక్కపక్కన బిగించడానికి వెడల్పాటి వెనక పలక కావాలి, అదే వాటికి లేదు. పలక ఉన్న పడవకైనా బరువు చూసుకోవాలి. నాలుగు స్ట్రోకుల 40 హార్స్‌పవర్ ఇంజను ఒక్కొక్కటి 100 కిలోల దాకా తూగుతుంది. రెండు తగిలిస్తే ఇద్దరు ముగ్గురు మనుషులు ఎప్పుడూ పడవ వెనక అంచు మీదే కూర్చున్నట్టు. వెనక దిగిన పడవలోకి వెంటాడే అల సులువుగా ఎక్కుతుంది.

రెండు పంకాలూ ఒకే వైపు తిరిగితే పడవ కొంచెం ఒక పక్కకు లాగుతుంది. అందుకని ఎదురెదురుగా తిరిగేవి పెడతారు. కానీ ఆ జంటలు ఎక్కువగా 100 హార్స్‌పవర్ పైబడినవాటికే దొరుకుతాయి. మన స్థాయి పడవకు దాని గురించి తల పట్టుకోనక్కర్లేదు.

ఇక వరదలు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా నీళ్లలో మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కారు. సైన్యం హెలికాప్టర్లు, ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు రావాల్సి వచ్చింది. ఆ 24 గంటల్లో అదే జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, పక్కన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. మరుసటి ఏడాది, 2024 ఆగస్టు 31 రాత్రి, మహబూబాబాద్ జిల్లా వంతు వచ్చింది. ఆకేరు పొంగి మరిపెడ మండలంలో సీతారాం తండాను ముంచింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. మరునాడు ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ వెళ్లి తెచ్చింది. ఇంజన్ల గురించి ఇంత రాస్తున్నవాణ్ని, ఆ జేసీబీకి దండం పెట్టకుండా ముందుకు పోలేను.

పారే నీటిలో వేగం లెక్క మారిపోతుంది. వాగు గంటకు 10 కిలోమీటర్ల వడితో పారుతుంటే, 12 కిలోమీటర్ల పడవ ఎదురెక్కేది గంటకు 2 కిలోమీటర్లే. రెండో ఇంజను ఇచ్చే ఆ 26 శాతంలో, బరువుకు కొంత పోగా 20 శాతం మిగిలిందనుకుందాం. 12 కాస్తా 14.4 అవుతుంది, ఎదురెక్కే వేగం 4.4. చెరువులో కంటికానని తేడా ఇక్కడ రెట్టింపుకు మించిపోయింది. అంటే వరదలో శక్తికి విలువుంది, ఒప్పుకోవాలి. అయితే ఆ శక్తిని ఒకే పెద్ద ఇంజనుతో తెచ్చుకోవచ్చు. రెండు ఇంజన్ల పేరుతో తెచ్చుకుంటే భద్రత కూడా దానంతటదే వస్తుందనుకోవడమే తప్పు. వరదనీటి కింద ముళ్లకంచెలు, కరెంటు తీగలు, విరిగిన చెట్లు, మునిగిన బళ్లు ఉంటాయి. ఒకే లోతులో, రెండడుగుల ఎడంలో తిరుగుతున్న రెండు పంకాలకు ఆ కంచె ఒకటే. మన వాగు వరదలో రెండు ఇంజన్ల జంట నిజంగా రెండు కాదు, ఒకటిన్నర.

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, మన ఈ మూడు జిల్లాల సంగతి చెప్పమంటే నా తీర్పు ఇదే. చెరువు మీద చేపలకు తెడ్డు చాలు. పెద్ద రిజర్వాయరుకూ గోదావరికీ తక్కువ పిచ్ పంకాతో 10 నుంచి 20 హార్స్‌పవర్ ఇంజను ఒక్కటి, పక్కన రెండు తెడ్లు, ఒక లంగరు. వరద పనికి చేతిలో రెండు ఇంజన్ల డబ్బుంటే ఒకే పడవకు రెండూ బిగించకండి. రెండు పడవలు తీసుకుని ఒక్కోదానికి ఒక్కోటి పెట్టండి. వేర్వేరు డబ్బాలు, వేర్వేరు మనుషులు, మధ్యలో నూరు గజాల ఎడం. ఒకటి కంచెలో చిక్కితే రెండోది దూరం నుంచి తాడు విసురుతుంది. రెండు ఇంజన్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా ఉండాలంటే అంతకన్నా చౌకైన మార్గం లేదు.

ఏటా జూన్ 8 ప్రాంతంలో మిరుగు, అంటే మృగశిర కార్తె, వస్తుంది. ఆ రోజు మన ఊళ్లలో చేప తినని ఇల్లుండదు, సొసైటీలకు చేతినిండా పని, చేతిలో నాలుగు డబ్బులు. షెడ్డులో పడవ ఉన్న ప్రతి సొసైటీకీ, ప్రతి పంచాయతీకీ ఒక విన్నపం. మిరుగుకు వారం ముందు ఆ పాత పెట్రోలు పారబోసి, నీటి పంపులో రబ్బరు రెక్కలు కొత్తవి వేయించి, పడవలో ఎనిమిది మందిని కూర్చోబెట్టి చెరువు మీద అరగంట నడిపి చూడండి. రెండు పడవలుంటే రెండూ నడపండి, ఒకదాని తర్వాత ఒకటి.